మన వీధిలో బ్రేకర్ ఎవరిని అడిగి వేయాలి?

మా వీధిలో స్పీడ్ బ్రేకర్ ఒక్క రాత్రిలో పుట్టుకొచ్చింది. పక్క సందులో సీసీ రోడ్డు పని నడుస్తోంది, చివర్లో కాస్త కాంక్రీటు మిగిలింది. అంతకు నాలుగు రోజుల ముందే ట్యూషన్ నుంచి ఇంటికొస్తున్న ఏడేళ్ళ బాబుని ఓ బైక్ గుద్దేసి ఆగకుండా వెళ్ళిపోయింది. చెయ్యి విరిగింది. వీధంతా ఆ కోపంలోనే ఉంది. నలుగురం వెళ్ళి, "అన్నా, ఆ మిగిలింది ఇక్కడ అడ్డంగా పోసెయ్" అని మేస్త్రీని అడిగాం. తెల్లారేసరికి రోడ్డుకి అడ్డంగా గట్టు. బెత్తెడుకి పైనే ఎత్తు, మూరెడు వెడల్పు. రంగు లేదు, ముందు బోర్డు లేదు.

మొదటి వారం అందరికీ హాయిగా అనిపించింది. తర్వాత ఒక్కొక్కటే బయటపడింది. గట్టుకి సరిగ్గా ఎదురింట్లో డెబ్బై దాటిన మామ్మగారు ఉంటారు. రాత్రి పదకొండు దాటాక ఖాళీ ట్రాలీ ఆటోలు దాని మీంచి దూకినప్పుడల్లా వెనక డోరు ధడేలుమని కొట్టుకునేది. ఆవిడకి నిద్ర పట్టేది కాదు. కూరగాయల సంచీతో భర్త వెనక బండి మీద వస్తున్న ఒకావిడ, చీకట్లో గట్టు కనబడక ఎగిరి కిందపడింది. ఇంకో పది రోజులకి బైకుల కుర్రాళ్ళు దారి మార్చేశారు. మా వీధి వదిలేసి వెనక సందులోంచి పోవడం మొదలుపెట్టారు. అంగన్‌వాడీ ఉన్నది ఆ సందులోనే. మూడో నెలలో ఎవరో రాత్రిపూట గడ్డపారతో గట్టుని ఒక చివర పగలగొట్టి, బండి పట్టేంత ఖాళీ చేశారు. ఇప్పుడు బైకులన్నీ ఆ ఖాళీ కోసం రోడ్డు అంచుకి వస్తాయి. పిల్లలు నడిచేది కూడా ఆ అంచునే.

వాట్సాప్ గ్రూపులో పెద్ద గొడవ జరిగింది. ఉంచాలని సగం మంది, తీసేయాలని సగం మంది. మధ్యలో ఎవరో "అసలు ఎవరిని అడిగి వేశారు?" అని పెట్టారు. ఎవరి దగ్గరా జవాబు లేదు, నా దగ్గర కూడా. వీధిలో బండ్ల వేగం తగ్గించాలంటే అక్కడ ఉండేవాళ్ళని ఎలా అడగాలి, ఎప్పుడు అడగాలి, ఏం అడగాలి అన్నది అప్పట్నుంచి వెతికి చదువుతున్నాను. చాలా ఊళ్ళు, దేశాలు దీని మీద తలబద్దలు కొట్టుకున్నాయని తెలిసింది.

ముందుగా వేగం సంగతి

గంటకి 30 కిలోమీటర్ల వేగంతో వచ్చే బండి సెకనుకి 8 మీటర్ల పైచిలుకు పోతుంది. 50లో వచ్చేది దాదాపు 14 మీటర్లు పోతుంది. బంతి వెనకాల ఓ పిల్ల రోడ్డు మీదికి ఉరికిందనుకోండి. అది కంటికి ఆని, కాలు బ్రేకు మీద పడేసరికి ఒక సెకను అయిపోతుంది. పొడి రోడ్డు, మంచి బ్రేకులు ఉంటే 30లో వస్తున్న కారు 13, 14 మీటర్లలో పూర్తిగా ఆగిపోతుంది. 50లో వస్తున్న కారుకి అంత దూరం బ్రేకు తొక్కేలోపే అయిపోతుంది. అంటే ఒక కారు పిల్ల ముందు ఆగిపోయే చోట, రెండో కారు అదే 50 వేగంతో గుద్దుతుంది. సగటు వేగం 1 శాతం పెరిగితే ప్రాణాలు తీసే ప్రమాదాల ముప్పు 4 శాతం పెరుగుతుందని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. మనుషులు, బండ్లు కలిసి తిరిగే చోట 30 దాటకూడదని 2020 స్టాక్‌హోమ్ ప్రకటనలో దేశాలు ఒప్పుకున్నది అందుకే. మన దేశంలో 2022లో రోడ్డు ప్రమాదాల్లో 1,68,491 మంది చనిపోయారు. అందులో 32 వేలమందికి పైగా కాలినడకన పోతున్నవాళ్ళు.

చట్టం ఏమంటోంది? కేంద్రం 2018లో ఇచ్చిన నోటిఫికేషన్ ప్రకారం మున్సిపల్ పరిధి రోడ్ల మీద కారు గరిష్ఠంగా 70లో, బైక్ 60లో పోవచ్చు. కాలనీ సందుకి ఇది ఎంతమాత్రం పనికొచ్చే అంకె కాదు. రాష్ట్రాలు దీన్ని తగ్గించుకోవచ్చు. గ్రేటర్ హైదరాబాద్ పరిధిలో 2023లో కాలనీ రోడ్లకి 30 అని పెట్టారు. మంచి పనే. కానీ బోర్డు మీద 30 అని రాసినంత మాత్రాన బండి 30లో పోదు. రోడ్డు వెడల్పుగా, నున్నగా, తిన్నగా ఉంటే ఎవరికైనా చెయ్యి దానంతటదే యాక్సిలరేటర్ తిప్పుతుంది. పోలీసు లేకపోయినా, బోర్డు చూడకపోయినా బండి నెమ్మదించేలా రోడ్డునే మలచడాన్ని ట్రాఫిక్ కామింగ్ అంటారు. మనకి బాగా అలవాటైన బ్రేకర్ అందులో ఒక్కటి మాత్రమే.

ఆ బ్రేకర్ కథ కూడా కాస్త చెప్పాలి. భౌతికశాస్త్రంలో నోబెల్ వచ్చిన ఆర్థర్ కాంప్టన్, అమెరికాలో సెయింట్ లూయిస్‌లోని వాషింగ్టన్ యూనివర్సిటీకి ఛాన్సలర్‌గా ఉన్నప్పుడు, 1953లో, క్యాంపస్ రోడ్ల మీద బండ్లు దూసుకుపోతున్నాయని గట్ల లెక్క వేసి డిజైన్ చేశారు. 1970ల్లో బ్రిటన్ రవాణా పరిశోధన సంస్థలో వాట్స్ అనే ఇంజనీరు రకరకాల ఆకారాలు పరీక్షించి ఒకటి తేల్చారు: 10 సెంటీమీటర్ల ఎత్తు, 3.7 మీటర్ల వెడల్పు, మధ్యలో మెల్లగా ఉబ్బిన వంపు. మన దేశంలో రోడ్ల ప్రమాణాలు రాసే ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ 1988లో స్పీడ్ బ్రేకర్లకి మార్గదర్శకాలు ఇచ్చినప్పుడు ఈ కొలతలే తీసుకుంది. దాని మీంచి 25 వేగంతో పోతే పెద్ద కుదుపు ఉండదు, అంతకు మించితే ఒళ్ళు హెచ్చరిస్తుంది. 40 మీటర్ల ముందు హెచ్చరిక బోర్డు ఉండాలి, గట్టు మీద నలుపు తెలుపు చారలు ఉండాలి. 2018లో ఆ పుస్తకాన్ని మార్చి, బ్రేకర్లతో పాటు మిగతా పద్ధతులన్నీ చేర్చారు.

ఇక్కడ మా గట్టుతో పోల్చి చూడండి. ఎత్తు పెద్ద తేడా లేదు, బెత్తెడంటే అటూ ఇటూగా అంతే. తేడా అంతా వెడల్పులో ఉంది. ఉండాల్సింది ఎనిమిది మూరలు, మేం పోయించింది మూరెడు. అందుకే అది నెమ్మదిగా వచ్చినవాడి నడుముని కూడా విరిచేస్తుంది. పైగా కొందరు కుర్రాళ్ళు దాన్ని వేగంగా దాటితేనే కుదుపు తక్కువని కనిపెట్టారు. మరీ ఇరుకు గట్లతో ఈ చిక్కు నిజంగానే ఉంది. చక్రం ఎగిరిపడేలోపే బండి దాటేస్తుంది.

ఒకరికి మేలు, ఇంకొకరికి బరువు

మందు మంచిదైతే అందరినీ అడగడం ఎందుకని ఎవరికైనా అనిపిస్తుంది. వేగం తగ్గితే వీధి మొత్తానికి మేలే. దాని బరువు మాత్రం అందరి మీదా సమానంగా పడదు. చిక్కంతా ఇక్కడే ఉంది.

బ్రేకర్‌నే తీసుకోండి. బండి ఆగి, దాటి, మళ్ళీ ఊపందుకునే శబ్దం, పొగ అన్నీ ఒకే ఇంటికి. డయాలసిస్‌కి వారానికి మూడుసార్లు ఆటోలో పోయేవాళ్ళకి ప్రతి గట్టూ ఒక నొప్పి. గర్భిణులకీ అంతే. అంబులెన్స్‌కి ప్రతి గట్టు దగ్గరా కొన్ని సెకన్లు పోతాయి. ఇందుకోసమే గట్టుని ముక్కలుగా చేసి, మధ్యలో ఖాళీలు వదిలే పద్ధతి వచ్చింది. కారు చక్రం ఏదో ఒకటి ఎక్కక తప్పదు. చక్రాల మధ్య దూరం ఎక్కువుండే ఫైరింజన్ మాత్రం ముక్కని మధ్యలో పెట్టుకుని దాటిపోతుంది. మన దగ్గర దీనికి ఒక ఇబ్బంది ఉంది. వీధిలో తిరిగేవి ఎక్కువగా బైకులే, అవి ఆ ఖాళీల్లోంచే పోతాయి. పై దేశంలో పనికొచ్చింది ఇక్కడ పనికిరాకపోవడానికి ఇలాంటి చిన్న విషయాలు చాలు.

మలుపు దగ్గర ఫుట్‌పాత్‌ని కాస్త ముందుకి జరిపితే రోడ్డు ఇరుకై బండి తిరిగే వేగం పడిపోతుంది. రోడ్డు దాటేవాళ్ళకి దాటాల్సిన దూరం కూడా తగ్గుతుంది. అయితే అక్కడ పార్కింగ్ పోతుంది, ఇస్త్రీ బండి పోతుంది, నీళ్ళ ట్యాంకర్ తిరగదు. జీబ్రా గీతల్ని ఫుట్‌పాత్ ఎత్తుకి లేపితే నడిచేవాళ్ళకి దొరలా దాటే దారి దొరుకుతుంది, కానీ వాన నీరు ఎటు పోవాలో ముందే చూసుకోకపోతే ఆ పక్కింట్లోకి పోతుంది. వీధి ఒక చివర కార్లకి మూసేసి, నడిచేవాళ్ళకి, సైకిళ్ళకి మాత్రం వదిలితే షార్ట్ కట్ కోసం వచ్చే బయటి బండ్లు ఆగిపోతాయి. మరి ఆ బండ్లు ఎటు పోతాయి? కొన్ని మెయిన్ రోడ్డు మీదికి, కొన్ని పక్క సందులోకి. పక్క సందు వాళ్ళని అడగకుండా మన సందు మూయడం న్యాయం కాదు.

గేట్ల విషయంలో నాకు గట్టి అభిప్రాయం ఉంది. మున్సిపాలిటీ రోడ్డుకి కాలనీవాళ్ళు గేటు పెట్టి, రాత్రి పదింటికి తాళం వేసి, వాచ్‌మన్‌ని కూర్చోబెట్టడం ట్రాఫిక్ కామింగ్ కిందికి రాదు. అది అందరి రోడ్డుని కొందరు తీసేసుకోవడం. అవతలి బస్తీలోంచి అర్ధరాత్రి ఆస్పత్రికి పోయే ఆటో చుట్టూ తిరిగి పోవాల్సి వస్తుంది. గేటు లోపలివాళ్ళని మాత్రమే ఓటు అడిగితే నూటికి తొంభై మంది సరేనంటారు. ఎవరిని అడిగారన్న దాన్ని బట్టే జవాబు ముందే ఖాయమైపోతుంది.

సంతకాల కాగితం ఏం చెబుతుంది?

మన ఊళ్ళలో "ప్రజల్ని అడగడం" అంటే చాలాసార్లు ఒక అర్జీ. కాలనీ సంక్షేమ సంఘం లెటర్‌హెడ్ మీద నాలుగు వాక్యాలు, కింద ముప్పై సంతకాలు. దాన్ని కార్పొరేటర్‌కి, వార్డు ఆఫీసులో అసిస్టెంట్ ఇంజనీరుకి, సోమవారం ప్రజావాణిలో ఇస్తాం. ఇందులో తప్పేం లేదు, ఎక్కడో మొదలుపెట్టాలి కదా. అయితే ఆ సంతకాలు ఎవరివో ఒకసారి చూడండి. ఎక్కువగా సొంతింటివాళ్ళు, మగవాళ్ళు, ఆదివారం పొద్దున మీటింగుకి రాగలిగినవాళ్ళు. వీధిలో సగం మంది అద్దెకుంటారు, వాళ్ళని సంఘంలో చేర్చుకోరు. ఇంటి పనికి వచ్చే అక్క రోజూ ఆరిళ్ళకి నడుచుకుంటూ ఇదే రోడ్డు పన్నెండుసార్లు దాటుతుంది, ఆమె సంతకం ఉండదు. రోడ్డు వాడకంలో ఆమె అనుభవం సంఘం అధ్యక్షుడి కంటే ఎక్కువ. పిల్లల సంతకాలు ఎలాగూ ఉండవు.

పిల్లల మాట వింటే ఏమవుతుందో నెదర్లాండ్స్ చూసింది. 1971లో ఆ చిన్న దేశంలో రోడ్డు మీద సుమారు 3,300 మంది చనిపోయారు, వాళ్ళలో 400 మందికి పైగా పిల్లలు. "పిల్లల్ని చంపడం ఆపండి" అంటూ తల్లిదండ్రులు వీధుల్లోకి వచ్చారు. 1972లో ఆమ్‌స్టర్‌డ్యామ్‌లోని డి పైప్ అనే ఇరుకు పేటలో బడి పిల్లలే తమ వీధిని ఆడుకోవడానికి వదలమని పోరాడారు. అంతకు ముందే, 1960ల చివర్లో, డెల్ఫ్ట్ ఊళ్ళో కొన్ని వీధుల్ని కొత్తగా మలిచారు. ఫుట్‌పాత్, రోడ్డు అన్న తేడా తీసేసి ఒకే మట్టంలో రాళ్ళు పరిచారు, మధ్యలో చెట్లు, బల్లలు పెట్టారు. అక్కడికి వచ్చిన కారు అతిథిలా మెల్లగా పోవాలి. దాన్ని వాళ్ళు వోనెర్ఫ్ అన్నారు, ఇల్లూ వాకిలీ కలిసినట్టుండే వీధి అని. 1976లో అది చట్టంలోకి ఎక్కింది. మన పాత ఊళ్ళలో అరుగులున్న వీధి తెలిసినవాళ్ళకి ఆ ఊహ కొత్తగా అనిపించదు.

అర్జీ పద్ధతిలో ఇంకో లోపం ఉంది. అడిగినవాళ్ళకే దొరుకుతుంది. రిటైర్డ్ ఇంజనీర్లు, లాయర్లు ఉన్న కాలనీ పది ఉత్తరాలు రాయగలదు. లారీలు తిరిగే గోడౌన్ పక్క బస్తీకి అంత తీరిక ఉండదు. ప్రమాదం ఎక్కువున్న చోట అర్జీలు తక్కువగా రావచ్చు. కాబట్టి ఆఫీసు అర్జీల కోసం ఎదురుచూస్తూ కూర్చోకూడదు. దెబ్బలు ఎక్కడ తగులుతున్నాయో పోలీసు రికార్డులు, ఆస్పత్రి రికార్డులు చూసి తానే ముందుగా వెళ్ళి అడగాలి.

నాలుగు షరతులు

అడగడం ఎప్పుడు నిజమైన అడగడం అవుతుంది? దీనికి నేను చూసినంతలో సూటైన జవాబు ఒక బడి కేసులో దొరికింది. 1985లో లండన్‌లోని బ్రెంట్ కౌన్సిల్ (మన మున్సిపాలిటీ లాంటిది) బడుల మూసివేత మీద ప్రజాభిప్రాయం సేకరించిన తీరు కోర్టుకి వెళ్ళింది. ఆ కేసులో న్యాయవాది స్టీఫెన్ సెడ్లీ చెప్పిన నాలుగు షరతుల్ని జడ్జి ఒప్పుకున్నారు. ఒకటి, నిర్ణయం ఇంకా పచ్చిగా ఉన్నప్పుడే అడగాలి. రెండు, ఆలోచించి జవాబివ్వడానికి సరిపడా కారణాలు, వివరాలు జనం ముందు పెట్టాలి. మూడు, తగినంత గడువివ్వాలి. నాలుగు, వచ్చిన జవాబుల్ని మనసుపెట్టి చూసి, ఆ తర్వాతే తేల్చాలి. ఆ కేసు పేరు మీదే వీటిని గన్నింగ్ సూత్రాలంటారు. 2014లో బ్రిటన్ సుప్రీం కోర్టు కూడా వీటిని సమర్థించింది.

నాలుగోది ఎంత బరువైనదో ఈమధ్యే తేలింది. లండన్‌లో లాంబెత్ కౌన్సిల్ వెస్ట్ డల్విచ్ అనే పేటలో అడ్డదారి బండ్లు రాకుండా వీధులు మూసే పథకం పెట్టింది. స్థానికులు కొందరు తమ అభ్యంతరాలతో 53 పేజీల నివేదిక ఇచ్చారు. నిర్ణయం తీసుకునేటప్పుడు కౌన్సిల్ దాన్ని లెక్కలోకి తీసుకోలేదు. 2025 మేలో హైకోర్టు అది చట్టవిరుద్ధమని చెప్పింది. వీధులు మూయడం మంచిదా చెడ్డదా అన్న జోలికి కోర్టు పోలేదు. చేతికిచ్చిన కాగితాన్ని పరిగణించకుండా నిర్ణయించారన్న ఒక్క కారణం సరిపోయింది. అలాంటి పథకాలంటే నాకు ఇష్టమే. అయినా ఆ తీర్పు సరైనదనే అనుకుంటాను. మన మంచి కోసమే చేస్తున్నా, మన మాట వినకుండా చేస్తే ఆ మంచి నిలబడదు.

ఈ నాలుగింటినీ మా గట్టుకి పెట్టి చూశాను. ఒక్కటీ లేదు. మామ్మగారిని అడగలేదు, వెనక సందువాళ్ళకి చెప్పలేదు, గడువంటే ఒక రాత్రి.

అయితే ఇందులో ఒక ముఖ్యమైన గీత ఉంది. ఏం అడగాలి, ఏం అడగకూడదు అన్నది. "మీ వీధిలో పిల్లలు భద్రంగా నడవాలా, వద్దా?" అని ఓటింగ్ పెట్టకూడదు. బడి ముందు వేగం తగ్గాలా అన్నది మెజారిటీతో తేల్చే విషయం కాదు. ఎక్కువమంది వద్దన్నా తగ్గించాల్సిందే. అడగాల్సింది దాని తర్వాతి ప్రశ్నలు. బండ్లు ఎక్కడ దూసుకొస్తున్నాయి? ఏ సమయంలో? నాలుగు పద్ధతుల్లో ఇక్కడికి ఏది సరిపోతుంది? ఎక్కడ పెడితే ఎవరికి ఇబ్బంది? కావాలా వద్దా అని అడిగితే జనం రెండు జట్లుగా చీలిపోతారు. ఎక్కడ, ఎలా అని అడిగితే తమకి తెలిసింది చెబుతారు.

చూపించి అడగడం

కాగితం మీద ప్లాను చూసి అభిప్రాయం చెప్పడం చాలామందికి కష్టం. రోడ్డు మారాక ఎలా ఉంటుందో ఊహకి అందదు, ఊహకి అందని దాని మీద ముందు భయమే వస్తుంది. కాబట్టి కొన్ని చోట్ల ముందు తాత్కాలికంగా చేసి చూపించి, అది నడుస్తుండగానే అడుగుతారు.

లండన్‌లోనే వాల్థమ్ ఫారెస్ట్ అనే ప్రాంతంలో 2014లో ఒక పేటలో కొద్ది రోజులపాటు వీధులు కార్లకి మూసి ట్రయల్ వేశారు. తర్వాత మార్పులు చేసి శాశ్వతం చేశారు. 2015 అక్టోబరులో అక్కడ మార్చిన వీధి ప్రారంభోత్సవానికి వ్యతిరేకులు శవపేటిక మోసుకొచ్చారు, మా పేట చచ్చిపోయిందని. ఆ పేట లోపలి వీధుల్లో బండ్లు దాదాపు 44 శాతం తగ్గినట్టు తర్వాత కౌన్సిల్ లెక్కలు చెప్పాయి. శవపేటిక తెచ్చినవాళ్ళది అబద్ధపు బాధ అని నేననను. దారి మారినప్పుడు రోజూ పది నిమిషాలు ఎక్కువ తిరిగే దుకాణదారుకి అది నిజమైన నష్టమే. దాన్ని ఎంత వరకు తగ్గించగలమో ట్రయల్‌లోనే తెలుస్తుంది.

ఇంగ్లండ్‌లో దీనికి చట్టంలోనే దారి ఉంది. ప్రయోగాత్మక ఉత్తర్వు ఇస్తే 18 నెలల దాకా నడపొచ్చు, మొదటి 6 నెలల్లో ఎవరైనా అభ్యంతరం రాసి ఇవ్వొచ్చు. 2020లో కరోనా సమయంలో చాలా కౌన్సిళ్ళు ఈ దారిలోనే హడావిడిగా వీధులు మూశాయి. కొన్నిచోట్ల జనం అడ్డంగా పెట్టిన పూలతొట్లని పడగొట్టారు. ట్రయల్ అన్న పేరు పెట్టినా, ముందు ఒక్క ముక్క చెప్పకుండా తెల్లారేసరికి దారి మూసేస్తే ఎక్కడైనా అదే జరుగుతుంది.

మన దగ్గర ఇలాంటిది కుదరదా అని వెతికితే మోటారు వాహనాల చట్టం, 1988లో సెక్షన్ 115 కనబడింది. ప్రజల భద్రత కోసం ఏదైనా రోడ్డు మీద బండ్లని నిషేధించడానికి, పరిమితం చేయడానికి రాష్ట్ర ప్రభుత్వానికి, అది అధికారమిచ్చిన అధికారికి వీలుంది. మామూలుగా గెజిట్‌లో ప్రకటించాలి. ఆ ఆంక్ష నెల రోజులు మించకపోతే గెజిట్ అక్కర్లేదు, స్థానికంగా తెలియజేస్తే చాలు. పండగలకి, ఊరేగింపులకి ట్రాఫిక్ మళ్ళించడం మనకి అలవాటే. వీధిలో నెల రోజుల ట్రయల్‌కి కూడా ఇది చక్కగా సరిపోతుందని నా అభిప్రాయం.

అడిగే వేదికలూ కాగితం మీద ఉన్నాయి. 74వ రాజ్యాంగ సవరణతో వచ్చిన 243ఎస్ అధికరణం, 3 లక్షలు, ఆపైన జనాభా ఉన్న పట్టణాల్లో వార్డు కమిటీలు ఉండాలంటోంది. తెలంగాణ మున్సిపాలిటీల చట్టం, 2019 ఇంకాస్త ముందుకెళ్ళి ప్రతి వార్డుకీ నాలుగు కమిటీలు పెట్టమంది. యువతకి ఒకటి, మహిళలకి ఒకటి, వయసు మళ్ళినవాళ్ళకి ఒకటి, ప్రముఖ పౌరులకి ఒకటి, ఒక్కో దాంట్లో 15 మంది. బ్రేకర్ ఎక్కడ వేయాలన్న ప్రశ్నకి ఇంతకంటే సరైన మనుషులు ఎవరుంటారు? ఈ కమిటీల పేర్లు మీ వార్డులో ఎంతమందికి తెలుసో కనుక్కోండి. 2019 సవరణతో మోటారు వాహనాల చట్టంలో చేరిన సెక్షన్ 198ఏ కూడా గుర్తుంచుకోవాలి. భద్రతా ప్రమాణాలు పాటించకుండా రోడ్డు కట్టి, దానివల్ల ఎవరైనా చనిపోయినా, వికలాంగులైనా బాధ్యులకి లక్ష రూపాయల దాకా జరిమానా పడొచ్చు. మూరెడు వెడల్పు గట్టు పోసే ముందు ఆలోచించాల్సిన విషయం.

స్టాప్‌వాచ్, నోటుబుక్కు

అడిగే ముందు కొలవాలి. కొలవకపోతే మీటింగు అరుపుల మీటింగ్ అవుతుంది. ఒకరు బండ్లు ఎనభైలో పోతున్నాయంటారు, ఇంకొకరు ముప్పై కూడా దాటవంటారు. కొలవడానికి పెద్ద యంత్రాలేం అక్కర్లేదు. వీధిలో టేపుతో 50 మీటర్లు కొలిచి రెండు చివరలా ముగ్గు పిండితో గీత గీయండి. బండి ఆ రెండు గీతల మధ్య దూరాన్ని 6 సెకన్లలో దాటితే 30 వేగం. మూడున్నర సెకన్లలో దాటేస్తే 50 పైనే. ఫోన్‌లో స్టాప్‌వాచ్ చాలు. పొద్దున బడి వేళ ఒక గంట, సాయంత్రం ఒక గంట, రాత్రి పది తర్వాత ఒక గంట. పక్క సందులో కూడా అదే రోజు, అదే వేళ కొలవాలి, లేకపోతే మన గట్టు వల్ల వాళ్ళకి ఏమైందో తెలియదు.

మేం మొన్న అలా కొలిచాం. తొమ్మిదో తరగతి పిల్లలు నలుగురు అంకెలు రాశారు. ఆ కాగితం తీసుకుని ఈసారి ఇల్లిల్లూ తిరిగాం, అద్దె వాటాలతో సహా. అంగన్‌వాడీ టీచర్ని, ఆటో స్టాండు దగ్గర అన్నల్ని, ఇళ్ళల్లో పనిచేసే అక్కల్ని అడిగాం. ప్రశ్న ఒక్కటే: "మీకు ఎక్కడ భయమేస్తుంది?" అప్పుడు మామ్మగారు వరండాలోంచి చెయ్యి చాపి చూపించారు. "బండ్లు ఊపందుకునేది ఇక్కడ కాదు బాబూ. ఆ వాటర్ ట్యాంకు మలుపు తిరిగాక, ట్రాన్స్‌ఫార్మర్ దాకా. నేను రోజంతా చూస్తూనే ఉంటా కదా." పిల్లల కాగితంలో మూడున్నర సెకన్ల బండ్లన్నీ ఆ ముక్కలోనే ఉన్నాయి. గట్టు వేసింది దానికి నలభై అడుగుల ఇవతల.

పాత గట్టుని తీయించాం. ట్రాఫిక్ స్టేషన్లో రాసిచ్చి, అనుమతితో మలుపు దగ్గర కోన్లు పెట్టి రోడ్డుని ఇరుకు చేశాం, నెల రోజులకి. వెనక సందు మొదట్లో కూడా రెండు పెట్టాం. ఇప్పుడు మూడో వారం. ఎవరికి ఏ ఇబ్బంది వచ్చినా రాయమని మామ్మగారి వరండాలో ఒక నోటుబుక్కు వేలాడదీశాం, రాయడం రానివాళ్ళది ఆవిడే రాస్తారు. నిన్నటి పేజీలో మూడు ముక్కలున్నాయి. నీళ్ళ ట్యాంకర్ ఒకేసారికి తిరగలేదు, రెండో కోను అడుగున్నర వెనక్కి జరపాలి. ఇస్త్రీ బండికి చోటు చూపించాలి. రాత్రి శబ్దం లేదు.